శిక్షకూ క్షమకూ నడుమ మఖ్దూం మొహియుద్దీన్

స్వాతంత్ర్యం కోసం, భూమి కోసం, కూలి గౌరవం కోసం పోరాటాలు జరిగిన ప్రతిచోటా చివరికి ఒక చిక్కు ప్రశ్న మిగులుతుంది. పోరాటం నడిచిన రోజుల్లో టెలిఫోను తీగలు తెంపినవారిని, రోడ్లు తవ్వినవారిని, పోలీసు ఠాణాల మీద పడ్డవారిని, దస్తావేజులు తగలబెట్టినవారిని పోరాటం ముగిశాక ఏం చేయాలి? నేరస్థులుగా చూసి శిక్షించాలా? రాజకీయ ఆశయంతో చేసిన పనులని మన్నించి ఇంటికి పంపాలా? ఈ ప్రశ్న మన తెలుగు నేల మీద ఎంతో బరువుగా నిలబడిన కాలం ఒకటుంది. ఆ కాలంలో అజ్ఞాతవాసంలో తిరిగి, జైలు చూసి, విడుదలై, శాసనసభలో కూర్చున్న ముస్లిం నాయకుడు, ఉర్దూ మహాకవి మఖ్దూం మొహియుద్దీన్. ఈ వారం ఆయన జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

పెదకూరపాడు స్టేషన్లో హైదరాబాదు రైలెక్కితే సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి దాటాక కృష్ణానది వస్తుంది. వంతెన దాటగానే నల్లగొండ సీమ మొదలవుతుంది. నేడు అది కొన్ని నిమిషాల ప్రయాణం. 1948 దాకా మాత్రం ఆ ఏరు రెండు ప్రభుత్వాల మధ్య సరిహద్దు. ఇవతల మద్రాసు రాష్ట్రంలోని గుంటూరు జిల్లా, అవతల నిజాం రాజ్యం. జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సుకు మన పల్నాడు నుంచి వెళ్లే కుటుంబాలకు ఆ అవతలి గట్టు బాగా తెలుసు. ఆ గట్టునే ఉన్న హుజూర్‌నగర్ ప్రజలు 1952లో మఖ్దూంను తమ ప్రతినిధిగా ఎన్నుకున్నారు. అందుచేత ఆయన కథ మనకు దూరపు కథ కాదు.

అందోలు నుంచి ఉస్మానియాకు

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా అందోలులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి గౌస్ మొహియుద్దీన్ చనిపోయారు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుని వేరే ఊరికి వెళ్లారు. ఆ సంగతి పిల్లవాడికి తెలియనివ్వలేదు. బాబాయి బషీరుద్దీన్ ఇంట పెరిగారు. నమాజు, ఖురాన్ చదువు ఉన్న ఇల్లది. మసీదు ఊడ్చడం, నీళ్లు తోడి పోయడం ఆ పిల్లవాడి వంతుకు వచ్చిన పనులు. పేదరికమంటే ఏమిటో ఆయన పుస్తకాలు చదివి తెలుసుకోలేదు.

పై చదువుకు హైదరాబాదు చేరాక పూట గడవడమే కష్టమైంది. ట్యూషన్లు చెప్పుకుంటూ, చిన్నాచితకా పనులు చేసుకుంటూ 1936లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తి చేశారు. విద్యార్థిగా ఉన్నప్పుడే నాటకాలు రాసి ఆడారు. బెర్నార్డ్ షా నాటకం ఆధారంగా ఆయన తయారుచేసిన 'హోష్ కే నాఖూన్' 1934లో ప్రదర్శించారు. మరుసటి ఏడాది రవీంద్రనాథ్ టాగూర్ కవిత్వం గురించి ఉర్దూలో ఒక పుస్తకం వెలువరించారు. కొన్నాళ్లకు సిటీ కాలేజీలో అధ్యాపకుడి ఉద్యోగం దొరికింది. అనాథగా పెరిగిన కుర్రవాడికి అది నిలకడైన బతుకు. అయినా కొద్ది ఏళ్లకే దానిని వదులుకుని కార్మికుల మధ్యకు వెళ్లిపోయారు.

1939-40 ప్రాంతంలో హైదరాబాదు యువకులు కొందరు కామ్రేడ్స్ అసోసియేషన్ ఏర్పరచుకున్నారు. అందులో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. మఖ్దూం అందులో ముఖ్యుడు. రైల్వే కార్మికులను, ఫ్యాక్టరీ కార్మికులను సంఘాలుగా కూడగట్టారు. 1944లో ఆయన తొలి కవితా సంపుటి 'సుర్ఖ్ సవేరా' వచ్చింది.

ఆ రోజుల్లో రాజధానిలో ఒక మాట బాగా ప్రచారంలో ఉండేది. రాజు ముస్లిం కనుక ప్రతి ముస్లిమూ రాజేనని ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ప్రచారం చేసేది. రిక్షా తొక్కే ముస్లింకు, బీడీ చుట్టే ముస్లింకు, మిల్లులో కన్ను పోగొట్టుకునే ముస్లింకు ఆ రాజరికం వల్ల ఒరిగిందేమిటి? మఖ్దూం జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. ముస్లిం పేదవాడి క్షేమం, అతడి పక్కన నిలబడిన హిందూ పేదవాడి క్షేమం వేరు కావని ఆయన నమ్మారు.

పల్లెల్లో రాజుకున్న నిప్పు

పల్లెల పరిస్థితి మరీ దారుణంగా ఉండేది. దేశముఖుల చేతిలో వేల ఎకరాలు. విసునూరు దేశముఖు కింద 40 వేల ఎకరాలు ఉండేవి. జనం వెట్టిచాకిరీ చేసేవారు. ఆ దేశముఖుకు ఎదురు తిరిగి కోర్టులో పోరాడి నెగ్గిన సామాన్య రైతు షేక్ బందగీని కామారెడ్డిగూడెం వద్ద దారికాచి చంపించారు. ఆ కథే తరువాత 'మా భూమి' నాటకమైంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయ్యాడు. భూమి కోసం ప్రాణమిచ్చినవారిలో ముందుగా మనం తలచుకునే పేర్లలో ఒకటి ముస్లిం రైతుది, మరొకటి గొల్ల కురుమల బిడ్డది. ఇది గుర్తుపెట్టుకోదగిన విషయం.

1946 చివరలో ప్రభుత్వం నాయకులపై వారెంట్లు తీసింది. మఖ్దూం అజ్ఞాతంలోకి వెళ్లారు. 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ప్రకటన మీద రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో పాటు ఆయన పేరూ ఉంది. తరువాతి రోజుల్లో పల్లెల్లో పటేల్ పట్వారీల లెక్కల పుస్తకాలు, అప్పు పత్రాలు మంటల్లో కలిశాయి. పోలీసులు రాకుండా రోడ్లకు అడ్డంగా కందకాలు తవ్వారు. ఠాణాల మీద దాడులు జరిగాయి. సరిహద్దు వెంబడి కాంగ్రెస్ శిబిరాల యువకులు కూడా నిజాం సుంకపు నాకాలను ధ్వంసం చేశారు. 1948 జనవరిలో ఉమ్రీ బ్యాంకు దోపిడీ జరిగింది కాంగ్రెస్ వారి చేతనే. పార్టీలు వేరైనా చట్టం దృష్టిలో ఈ పనులన్నీ ఒకే జాతివి.

మరోవైపు కాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్ల ఆగడాలు పెచ్చుమీరాయి. వారిని ఎదిరించిన ముస్లింలూ ఉన్నారు. 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులో నడివీధిలో హత్యకు గురయ్యారు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాయడమే ఆయన చేసిన నేరం.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. 1948 మే నెలలో, పతనం అంచున ఉన్న నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీపై నిషేధాన్ని ఎత్తివేసింది. అది పశ్చాత్తాపంతో చేసిన పని కాదు. శత్రువుల సంఖ్య ఒకటైనా తగ్గుతుందని వేసిన ఎత్తుగడ. అవసరం కోసం ఇచ్చిన మన్నింపుకు విలువ ఎంత ఉంటుందో ఆ నాలుగు నెలలే చెప్పాయి. పల్లెల్లో పోరూ ఆగలేదు, రజాకార్ల దాడులూ ఆగలేదు.

రాజ్యం మారింది, వారెంటు మారలేదు

1948 సెప్టెంబరు 17న హైదరాబాదు లొంగిపోయింది. స్వామి రామానంద తీర్థ అదే రోజు జైలు నుంచి బయటికి వచ్చారు. కాంగ్రెస్ వారు స్వాతంత్ర్య సమరయోధులయ్యారు. అదే నిజాంతో పోరాడిన కమ్యూనిస్టులు మాత్రం కొత్త ప్రభుత్వానికీ శత్రువులయ్యారు. వారు పోరాటం ఆపలేదు, ఆయుధాలు దించలేదు. ఆక్రమించి పంచిన భూములు తిరిగి దేశముఖుల పాలు కానివ్వబోమన్నారు. సైనిక ప్రభుత్వం వారిని అణచడానికి పూనుకుంది. ఒకే రకం పని చేసిన ఇద్దరిలో ఒకరికి పూలదండ, మరొకరికి సంకెల. గెలిచిన పక్షం ఏదన్న దాన్ని బట్టి నేరం పేరు మారిపోవడం చరిత్రలో కొత్త కాదు.

ముస్లిం సమాజానికి ఆ రోజులు కాళరాత్రులు. రజాకార్లు చేసిన పాపాలకు, వారితో ఏ సంబంధమూ లేని పల్లె ముస్లింలు మూల్యం చెల్లించారు. మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ఊచకోతలు జరిగాయి. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం ఆ ప్రాంతాలు తిరిగి, చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదికను దాచిపెట్టారు. 2013లో గాని అది అందరికీ అందుబాటులోకి రాలేదు. వేలమంది ముస్లింలు నిర్బంధంలో మగ్గారు. ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

మఖ్దూం పరిస్థితిని ఒక్కసారి ఊహించండి. నిజాంను ఎదిరించినందుకు తన వారిలో కొందరి దృష్టిలో ద్రోహి. కొత్త ప్రభుత్వానికి పట్టుబడని నేరస్థుడు. కూలిన రాజ్యం శిథిలాల కింద నలిగిన పేద ముస్లిం కుటుంబాల గోడు వినే ముస్లిం నాయకులు అప్పటికి అతి కొద్దిమంది. ఆ కొద్దిమందిలో ఒకరు, బయటికి రాలేక, చీకటి గదుల్లో దాక్కుని ఉన్నారు.

1951లో ఆయన పట్టుబడ్డారు. హైదరాబాదు సెంట్రల్ జైల్లో ఉండగా 'ఖైద్' అనే కవిత రాశారు.

ఉరికంబం ముందు పన్నెండుగురు

అప్పటికి దేశం దృష్టిని ఆకర్షించిన మరో విషయం ఉంది. ప్రత్యేక ట్రిబ్యునళ్లు తెలంగాణ పోరాట ఖైదీలకు మరణశిక్షలు విధించాయి. మొత్తం పన్నెండు మంది ఉరికంబం నీడలో రోజులు లెక్కపెట్టుకున్నారు. వారి తరఫున వాదించడానికి ఇంగ్లండు నుంచి ప్రసిద్ధ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చారు. 1951లో సుప్రీంకోర్టు వారి దరఖాస్తులను తోసిపుచ్చింది. దేశవిదేశాల నుంచి విజ్ఞప్తులు వెల్లువెత్తాయి. చివరికి ఆ శిక్షలు యావజ్జీవంగా మారాయి. పన్నెండు ప్రాణాలు నిలిచాయి.

1951 ఏప్రిల్‌లో వినోబా భావే హైదరాబాదు జైలుకు వెళ్లి కమ్యూనిస్టు ఖైదీలతో మాట్లాడారు. తరువాత కాలినడకన తెలంగాణ పల్లెలకు బయలుదేరారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చారు. భూదానోద్యమం అలా పుట్టింది. తుపాకులు పేలడానికి వెనుక ఆకలి ఉందని, ఆకలికి మందు జైలు కాదని ఒక సాధువు గ్రహించాడు.

1951 అక్టోబరు 21న కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం ఆ ఐదేళ్లలో నాలుగు వేల మంది ప్రాణాలు కోల్పోయారు, పది వేల మందికి పైగా జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో గడిపారు. ఆ తరువాతే అసలు ప్రశ్న ముందుకొచ్చింది. ఆయుధం దించినవారిని ఏం చేయాలి?

రెండు వైపులా వాదనలు బలమైనవే. దళాల చేతిలో చనిపోయిన వారికీ భార్యాబిడ్డలు ఉన్నారు. ఇన్‌ఫార్మర్లన్న అనుమానంతో ప్రాణాలు తీసిన సందర్భాలూ ఉన్నాయి. ఆ ఇంటి వితంతువును అడగకుండా ఆమె భర్త ప్రాణం తీసినవాడిని మన్నించే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిది? ఇది ఒక వాదన. వెట్టి చాకిరీని, దేశముఖుల హింసను ఏళ్ల తరబడి కాపాడిన చట్టమే, దానిని ఎదిరించినవాడిని ఇప్పుడు శిక్షించడం న్యాయమా? జైలు నిండా రైతుబిడ్డలను ఉంచుకుని ఎన్నికలు జరిపితే అది ప్రజాస్వామ్యమా? ఇది రెండో వాదన.

ఒక్క రోజులో అందరికీ క్షమాభిక్ష ప్రకటించడం జరగలేదు. తలుపు కొంచెం కొంచెంగా తెరుచుకుంది. డిటెన్యూలను వదిలారు. పేరున్న నాయకులు ముందు బయటికి వచ్చారు. శిక్షలు పడిన మామూలు కార్యకర్తలు మరికొన్నేళ్లు లోపలే ఉండిపోయారు. మన్నింపు కూడా అంతస్తులు చూసి నడిచిందంటే అది నిష్ఠురమే గాని అబద్ధం కాదు.

జైలు నుంచి శాసనసభకు

1952 ఎన్నికల్లో కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. హైదరాబాదు శాసనసభలో 42 స్థానాలు గెలిచారు. నల్లగొండ నుంచి లోక్‌సభకు నిలబడిన రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. నిన్నటిదాకా నేరస్థులన్నవారిని జనం మన్నించి వదిలేయలేదు, తమ తరఫున మాట్లాడమని పంపారు.

మఖ్దూం 1952లో విడుదలయ్యారు. పాతబస్తీలోని శాలిబండ నుంచి పోటీచేసి ఓడిపోయారు. తన వాళ్ల మధ్య ఓడిన మనిషిని ఆ ఏడే జరిగిన ఉప ఎన్నికలో హుజూర్‌నగర్ రైతులు గెలిపించారు. ఉర్దూ కవిని తెలుగు పల్లెలు శాసనసభకు పంపాయి. ఓటు వేసిన వారిలో ఎక్కువమంది ఆయన కవిత్వం చదవలేనివారు. ఆయన ఎవరి కోసం అజ్ఞాతంలో తిరిగారో మాత్రం వారికి తెలుసు.

ఆ తరువాత ఆయన పదిహేడేళ్లు బతికారు. ఆ పదిహేడేళ్లలో మళ్లీ ఆయుధం మాట ఎత్తలేదు. కార్మిక సంఘాల్లో పనిచేశారు. ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య పనిమీద విదేశాల్లో గడిపి వచ్చారు. ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో చనిపోయేదాకా సభ్యుడిగా ఉండి ప్రతిపక్ష నాయకుడిగా వ్యవహరించారు. 1961లో 'గుల్-ఎ-తర్', 1966లో 'బిసాత్-ఎ-రక్స్' వెలువడ్డాయి. రెండో దానికి 1969లో సాహిత్య అకాడమీ అవార్డు లభించింది. 1982లో వచ్చిన 'బజార్' సినిమాలో లతా మంగేష్కర్, తలత్ అజీజ్ పాడిన పూల రాత్రి గజల్ ఆయనదేనని తెలియకుండానే మన ఇళ్లలో ఎందరో దానిని పాడుకుంటారు.

జైలు గోడల మధ్యే ఆ మనిషి ముగిసిపోయి ఉంటే ఇవన్నీ మనకు దక్కేవా? మన్నింపు వల్ల లాభం పొందేది మన్నన పొందినవాడు ఒక్కడే కాదని మఖ్దూం జీవితం తెలుపుతోంది.

అయితే అదే జైళ్ల నుంచి వచ్చిన మరో జీవితాన్నీ చూడాలి. బీబీనగర్ దోపిడీ కేసులో శిక్షపడిన కాసిం రజ్వీ 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. తాను రెచ్చగొట్టిన మంటలో కాలిన పేద ముస్లింల ముఖం చూడకుండానే 1970లో కరాచీలో కన్నుమూశాడు. మన రైలు నేటికీ బీబీనగర్ మీదుగానే హైదరాబాదు వెళుతుంది. తలుపు ఇద్దరికీ తెరుచుకుంది. ఒకరు తన ప్రజల మధ్యకు వచ్చారు, మరొకరు వారిని వదిలిపోయారు. క్షమ అవకాశం ఇస్తుంది, మనిషిని మార్చడం దాని చేతిలో లేదు.

నిజం చెప్పాకే మన్నింపు

ఇటువంటి సమస్యే మరో ఖండంలో, మరో కాలంలో వచ్చింది. మన తెలుగు కూలీల వారసులు కూడా ఉన్న దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వం 1994లో పోయింది. విధ్వంసాలకు, హత్యలకు, చిత్రహింసలకు పాల్పడినవారు రెండు వైపులా ఉన్నారు. నాటి న్యాయశాఖ మంత్రి దుల్లా ఒమర్. కేప్‌టౌన్‌కు చెందిన ముస్లిం న్యాయవాది. ఆయన చొరవతో 1995లో ఒక చట్టం వచ్చింది. రాజకీయ కారణంతో నేరం చేసినవారు బహిరంగంగా నిలబడి జరిగినదంతా దాచకుండా చెబితే క్షమాభిక్ష దొరుకుతుంది. ఏడు వేల మందికి పైగా దరఖాస్తు చేస్తే 849 మందికి మాత్రమే అది లభించింది. ఆ పద్ధతిలోనూ లోపాలున్నాయి, బాధితులు చాలామంది అసంతృప్తి చెందారు. కాని చనిపోయిన తమ బిడ్డను ఎక్కడ పూడ్చారో కొందరు తల్లులకైనా తెలిసింది.

మన దగ్గర లోపించినది ఇదే. తెలంగాణ దళాలు తీసిన ప్రాణాల లెక్క, సైన్యం పోలీసులు తీసిన ప్రాణాల లెక్క, రజాకార్లు తీసిన ప్రాణాల లెక్క, ముస్లిం పల్లెల్లో పోయిన ప్రాణాల లెక్క అందరి ముందూ కూర్చుని చెప్పే చోటే లేకపోయింది. సుందర్‌లాల్ నివేదిక 65 ఏళ్లు చీకట్లో ఉంది. నిజం చెప్పకుండా మరిచిపొమ్మంటే గాయం పైకి మానినట్టు కనిపిస్తుంది, లోపల చీము పడుతుంది. అటువంటి గాయాన్ని తరువాతి తరాల్లో ఎవరైనా తమ స్వార్థానికి గెలకవచ్చు.

ముస్లిం పాఠకులకు ఈ విషయంలో దారి తెలియనిది కాదు. హిజ్రీ 8వ సంవత్సరంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కాలో ప్రవేశించినప్పుడు, తనను ఊరి నుంచి వెళ్లగొట్టినవారిని, తన అనుచరులను హింసించినవారిని ప్రతీకారానికి అప్పగించలేదు. సార్వత్రిక క్షమాభిక్ష ప్రకటించారు. శిక్షించగల శక్తి చేతిలో ఉన్నప్పుడు చూపిన క్షమ అది. అక్కడ ఎవరు ఏం చేశారన్నది దాచవలసిన రహస్యం కాదు, ఊరంతటికీ తెలుసు. తెలిసే మన్నించారు.

మఖ్దూం 1969 ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశారు. హైదరాబాదులో షా ఖామోష్ దర్గా శ్మశానంలో ఆయన సమాధి ఉంది. ఒకప్పుడు ఆయన కోసం పోలీసులు సందుసందూ గాలించిన నగరంలోనే నేడు ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం నిలిచింది. ఆయన నమ్మిన సిద్ధాంతంతో మనలో చాలామంది ఏకీభవించకపోవచ్చు. మతం విషయంలో ఆయన నడచిన దారి మన దారి కాకపోవచ్చు. కాని పేదవాడి పక్షాన నిలబడి ఉద్యోగం వదులుకున్న త్యాగాన్ని, బయటికి వచ్చాక పగ పెంచుకోకుండా ప్రజల పనిలో పడిన నిగ్రహాన్ని మన పిల్లలకు చెప్పకుండా ఉండలేము.

మన ఊళ్లలోనూ పగలున్నాయి. పార్టీల పేర, వర్గాల పేర తరాల తరబడి కోర్టుల చుట్టూ తిరిగే కుటుంబాలు పల్నాడులో తక్కువేమీ కాదు. రాజీకి కూర్చున్నప్పుడు డబ్బు లెక్క తేల్చి లేచిపోవడం మన పెద్దలకు అలవాటు. అంతకు ముందు జరిగిన నిజాన్ని బాధితుల ఎదుట ఒప్పుకోనివ్వండి. మన్నించే మాట ఆ తరువాత వారి నోటి నుంచే రానివ్వండి. అలా కుదిరిన రాజీలే నిలుస్తాయని మేము నమ్ముతున్నాము.